నిండు ట్యాంకు నిబంధనలు

ఈ డైరీ మొదలుపెట్టే ముందు, డైరీ ఎలా రాయాలన్న విషయమై కొన్ని విధివిధానాలను నిర్ధారించుకోవడం సముచితమని భావిస్తున్నాను. పద్ధతి లేకుండా రాసిన డైరీకి, బస్టాండు గోడ మీది రాతలకు తేడా లేదు. కాబట్టి, ఈ పుస్తకాన్ని చదివే అధికారం రాసినవాడికి మాత్రమే ఉంటుంది. అతడు కూడా తగిన కారణం లేకుండా వెనక పేజీలు తిరగేయరాదు. ఇందులో బంధువులను వరుసతోను, ఉద్యోగులను హోదాతోను మాత్రమే ప్రస్తావించవలెను. పేరు పెట్టి రాస్తే పక్షపాతం పుడుతుంది. మనోభావాలను నమోదు చేయవచ్చును గాని, అవి సంఘటన కంటే పొడవుగా ఉండరాదు. ఒకసారి రాసినదాన్ని కొట్టివేయరాదు. తప్పు రాసినట్టు తేలితే, ఆ తప్పు ఎందుకు సరైనదో వివరిస్తూ మరునాడు ఇంకొక పేరా రాయవలెను.

నీటి సరఫరా శాఖలో తల నెరిసినవాడికి ఇంతకన్నా చెప్పనక్కరలేదు.

ఫిబ్రవరి 3, సోమవారం

విదేశీ అధ్యయన పర్యటనకు ఎంపికయ్యాను. విషయం: "ప్రజల భాగస్వామ్యంతో నడిచే నీటి పథకాలు, సహాయ కార్యక్రమాలు." మా శాఖ చీఫ్ గారు బృంద నాయకులు. నేను బృందం.

ఎంపికకు కారణం నా నిష్పాక్షికత అని చీఫ్ గారు నలుగురి ముందూ అన్నారు. అందులో అతిశయోక్తి లేదు. పొడిగింపుల విభాగం నాది. గొట్టం ఏ వీధి చివరి దాకా వెళ్లాలి, ఏ వీధి మొదట్లో ఆగాలి అన్నది నా సంతకంతో తేలుతుంది. అక్క వాళ్ల వీధి మొదట్లో అది ఆగి ఉంది. దాన్ని పొడిగించమన్న దరఖాస్తు నా బల్ల మీదే ఉంది. అయితే, బంధువులకు మేలు చేకూర్చే కాగితం మీద అధికారి సంతకం చేయరాదన్నది నిబంధన. మరొకరు చేయవచ్చు. ఆ మరొకరు చీఫ్ గారు. ఆయన అధ్యయనం లేకుండా దేని మీదా సంతకం చేయరు. ఇప్పుడు అధ్యయనానికే వెళ్తున్నాం. ఇందులో అక్కకు అర్థం కానిది ఏముందో నాకు అర్థం కావడం లేదు.

ఫిబ్రవరి 9, ఆదివారం

చెప్పి వద్దామని అక్క వాళ్లింటికి వెళ్లాను. మూడో అంతస్తు. మెట్లన్నీ తడి; గోడ పట్టుకుని ఎక్కాలి. ట్యాంకరు వచ్చి వెళ్లిందన్నమాట.

భుజానికి ఆపరేషన్ అయినప్పటి నుంచి అక్క బరువులు ఎత్తకూడదు. అందుకని బావ మోస్తున్నాడు. బావకు గుండె బలహీనం. అందుకని అక్క ఆయన వెనకే మెట్టు మెట్టుకూ తిడుతూ ఎక్కుతుంది. ఆ ఇంట్లో నీటి సరఫరా విధానం ఇది.

"రావోయ్ బావమరిదీ," అన్నాడు బావ, బకెట్టు దించి గోడకు ఆనుకుని. ఊపిరి అందుకోవడానికి కొంత సమయం పట్టింది. "నీళ్లు చూడ్డానికి సముద్రం దాటుతున్నావటగా. అంత దూరం ఎందుకయ్యా? నీళ్లు లేకపోవడం ఎలా ఉంటుందో మా ఇంట్లో ఉత్తపుణ్యానికే చూపిస్తాంగా."

"మీరు ముందు కూర్చోండి. మాటలు తర్వాత," అంది అక్క. ఆ తర్వాత నా వైపు తిరిగింది. "ఒరేయ్, గొట్టం వీధి మొదట్లో ఉంది. మా కిటికీలోంచి చూస్తే కనిపిస్తుంది. దానికి విమానం ఎక్కాలట్రా?"

"నేను సంతకం చేస్తే బంధుప్రీతి అవుతుందక్కా."

"చెయ్యకపోతే?"

"నిష్పాక్షికత."

"అది బకెట్లో పోస్తే నిండుతుందా?"

"ఊరుకోవే," అన్నాడు బావ. "వాడు నీ తమ్ముడు కాబట్టి మనకి చుక్క రావట్లేదు. అదే పక్కింటావిడ తమ్ముడైతే, ఈపాటికి వరదొచ్చి మనం పడవలో తిరిగేవాళ్లం."

ఆయన నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. అక్క వీపు రాస్తూ, నా వైపు చూడకుండా చెప్పింది: "వెళ్లిరా. వచ్చాక ఆ చీఫ్ చేత సంతకం పెట్టించు. ఎలా పెట్టిస్తావో నాకు తెలీదు. ఈ ఎండాకాలం ఈయన మొయ్యలేరురా."

తగిన సమయంలో తగిన చర్య తీసుకోబడుతుందని చెప్పాను. అది మాట ఇవ్వడమే.

ఫిబ్రవరి 16

చేరాం. హోటల్ గదిలో స్నానాల తొట్టి ఉంది. నిండా నింపాను. పరిశీలన నిమిత్తం మాత్రమే.

ఫిబ్రవరి 17

ఉదయమంతా సహాయ సంస్థ కార్యాలయంలో ఉపన్యాసాలు. తెర మీద పటాలు చూపించారు. చీఫ్ గారికి కళ్లు తెరిచి నిద్రపోయే విద్య ఉంది; అది పదోన్నతితో పాటు వస్తుందని అంటారు.

మాకు ఒక దుబాసీని ఇచ్చారు. ఇతడు మన భాషను ఏదో కట్టడం పనిలో మన మేస్త్రీల దగ్గర నేర్చుకున్నాడట. అందువల్ల అతడి మాటల్లో క్రియలన్నీ ఉన్నాయి గాని గౌరవ వాచకాలు లేవు.

"పెద్దాయనా, లే. అయిపోయింది. బస్సెక్కు," అన్నాడు చీఫ్ గారితో.

చీఫ్ గారు లేచి బస్సెక్కారు. ఆయనను అంత త్వరగా కదిలించిన అధికారిని నేను ఇంతవరకు చూడలేదు.

ఫిబ్రవరి 18

క్షేత్ర సందర్శన. ఈ రోజు విషయాలను వివరంగా రాయడం అవసరం.

ఊరు గుట్ట మీద ఉంది. ఊరి నడుమ ట్యాంకు. నీలం రంగు, చుట్టూ ఇనుప కంచె, కంచెకు తాళం. వరసగా కుళాయిలు, ఒక్కోదాని కింద సిమెంటు గట్టు. నేను ఇన్నేళ్ల ఉద్యోగంలో ఇంత పొడిగా ఉన్న కుళాయి గట్లను చూడలేదు. పక్కన సందర్శకుల కోసం వేసిన షెడ్డు, అందులో కుర్చీలు. ఊరివాళ్లంతా కంచె బయట వరసగా నిలబడి చప్పట్లు కొట్టారు.

నీటి సంఘం అధ్యక్షురాలు మమ్మల్ని నిచ్చెన ఎక్కించింది. కండ పట్టిన మనిషి, పెద్ద గొంతు. మెడలో పతకాలు, ఏ దేశం వాళ్లు వచ్చినా ఒకటి వేసి వెళ్తారట. చీఫ్ గారు మూత తీసి లోపలికి చూశారు. నేనూ చూశాను. అంచు దాకా నీళ్లు. మా ఇద్దరి మొహాలూ కనిపించాయి.

"చూశారా?" అన్నారు చీఫ్ గారు నిచ్చెన మీదే నిలబడి. "నిండుకుండ తొణకదు అన్నారు మన పెద్దలు. తొణికిందా?"

"లేదండి."

"రాసుకోండి."

రాసుకున్నాను.

ఆ తర్వాత చీఫ్ గారు షెడ్డులో ఫోటోలు దిగుతుండగా, నేను మరుగుదొడ్డి వెతుక్కుంటూ వెనక వైపుకు వెళ్లాను. అక్కడ గుట్ట దిగువకు ఒక కాలిబాట ఉంది. ఆ బాట వెంట ఆడవాళ్లు, మగవాళ్లు, ప్లాస్టిక్ డబ్బాలు భుజాన వేసుకుని పైకి వస్తున్నారు. డబ్బాల్లో నీళ్లు మట్టి రంగులో ఉన్నాయి. నన్ను చూసి ఆగిపోయారు. ఒకామె డబ్బా దించి దాని ముందు నిలబడింది, మా అబ్బాయి చిన్నప్పుడు పగిలిన గ్లాసు ముందు నిలబడినట్టు.

దుబాసీని పిలిచి, ఇదేమిటని అడిగాను.

"ఇవి తాగే నీళ్లు," అన్నాడు.

"మరి ట్యాంకులోవి?"

"అవి చూసే నీళ్లు. ఆమాత్రం తెలీదా నీకు?"

అధ్యక్షురాలు మా వెనకే వచ్చింది. ఆమె చెప్పేది చెబుతుంటే దుబాసీ తన మేస్త్రీ భాషలో నాకు అందించాడు. మొదట్లో ఈ ఊరివాళ్లు ట్యాంకులో నీళ్లే తాగేవారట. ఒకరోజు చెప్పాపెట్టకుండా సందర్శకులు వచ్చారు. అప్పటికే పొద్దున పట్టుకోవడం అయిపోయి, ట్యాంకు ఖాళీగా ఉంది. పథకం విఫలమైందని రాసుకుపోయారు. సాయం ఆపేస్తామని కబురు పెట్టారు.

"అప్పటి నుంచి తాగడం మానేశాం," అంది ఆమె. "ఇప్పుడు పథకం బ్రహ్మాండంగా నడుస్తోంది."

"ఎప్పుడూ ముట్టుకోరా?"

"సందర్శకులు ఎప్పుడొస్తారో చెప్పి రారు కదా. ట్యాంకరు ఒకసారి నింపి పోతుంది. నువ్వొచ్చావు, చూశావు, సంతోషపడ్డావు. మేం తాగేసి ఉంటే పడేవాడివా?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం నా పరిధిలో లేదు. ఆమె నన్ను తేరిపార చూసి, మీ దేశంలో నీళ్లెలా వస్తాయని అడిగింది. గొట్టాల ద్వారా అని చెప్పాను. ఆమె పగలబడి నవ్వింది. ఊరివాళ్లకు చెప్పింది, వాళ్లూ నవ్వారు. దుబాసీ కూడా నవ్వి, కళ్లు తుడుచుకుని తర్జుమా చేశాడు:

"గొట్టాలున్నవాడివి ఇక్కడికెందుకొచ్చావంటోంది. ఇంటికెళ్లి ఒక గొట్టం పంపించు తమ్ముడూ, కావాలంటే ఈ ట్యాంకు నువ్వు తీసుకుపో, అంటోంది."

ట్యాంకు తీసుకుపోవడానికే వచ్చామని ఆమెకు చెప్పలేదు.

ఫిబ్రవరి 19

హోటల్లో ఫలహారం దగ్గర చీఫ్ గారు చాలా ఉల్లాసంగా ఉన్నారు. మన దగ్గర కూడా ఇలాంటిది పెట్టాలన్నారు.

వెనక కాలిబాట సంగతి చెప్పాను. పూర్తిగా కాదు, మర్యాదగా ఎంత వరకు చెప్పవచ్చునో అంత వరకు. "ప్రజలు ఆ నీళ్లు వాడుతున్నట్టు లేదండి," అన్నాను.

"వాడితే ఖాళీ అయిపోతుంది కదయ్యా," అన్నారు ఆయన ఓపికగా. "గొట్టం వేశామనుకోండి. నీళ్లొస్తాయి, పోతాయి. ఎవరైనా వచ్చి చూడ్డానికి ఏముంది అందులో? భూమిలో కప్పెట్టేస్తాం. ఇది చూడండి. కంటికి ఆనుతుంది. అవునూ, మీ దగ్గర ఏదో వీధి పొడిగింపు పెండింగులో ఉందిగా?"

"ఉందండి. ఆ వీధిలో మా అక్క..."

"ఇంకేం! అక్కడే మొదలెడదాం. గొట్టం వేస్తే, అక్క కోసం వేయించాడని మీ మీద మాటొస్తుంది. ఇది వేస్తే ఎవరేమంటారు?"

నేను నీళ్లు నమిలాను. ఈ సందర్భంలో అది మా శాఖకు తగిన పనే.

ఇలాంటి పథకాలకు వేరే విభాగం పెట్టాల్సి వస్తుందని, దానికి ఒక అధిపతి కావాలని, నివేదిక ఎవరు రాస్తే వాళ్లే దానికి సహజంగా అర్హులని ఆయన అన్నారు. ఆ మాటకు నేనేమీ సంతోషించలేదు. అయితే, టీలో చక్కెర రెండుసార్లు వేసుకున్నట్టు తాగుతుండగా తెలిసింది.

ఫిబ్రవరి 20

అక్క ఫోను చేసింది. సమావేశంలో ఉన్నాను.

ఫిబ్రవరి 21

అక్క ఫోను చేసింది. సమావేశంలో లేను. కానీ ఉండవలసిన సమయమే.

ఫిబ్రవరి 22

నివేదిక పూర్తయింది. ట్యాంకు నిండుగా ఉన్నదని రాశాను. అది నిండుగానే ఉంది. ఊరివాళ్లు ఆనందంగా కనిపించారని రాశాను. వాళ్లు నవ్వడం నేను స్వయంగా చూశాను. కాలిబాట విషయాన్ని దాచలేదు. "స్థానికులు ఇతర వనరులను సైతం స్వచ్ఛందంగా వినియోగించుకుంటున్నారు" అని ప్రత్యేకంగా ఒక వాక్యం చేర్చాను. మొత్తం నివేదికలో అబద్ధం ఒక్క అక్షరం లేదు. కావాలంటే ఎవరైనా భూతద్దం పెట్టి వెతుక్కోవచ్చు.

ఆ వీధికి గొట్టమే కావాలని చివర ఒక పేరా రాసి చూశాను. చదివితే తమ్ముడు రాసినట్టు ఉంది. తీసేశాను. అధికారి రాసినట్టు ఉండాలి.

మార్చి 10

ట్యాంకు పథకానికి సహాయ సంస్థ వారి ఆమోదం వచ్చింది. అక్క వీధిలోనే ప్రారంభం.

సాయంత్రం వెళ్లి చెప్పాను. "నీళ్లొస్తున్నాయక్కా," అన్నాను. సాంకేతికంగా అది నిజం.

అక్క చేతిలో పని వదిలేసి వచ్చి నా చెంపలు రెండు చేతుల్తో పట్టుకుంది. ఆపరేషన్ అయిన చేయి పూర్తిగా పైకి లేవదు, అయినా లేపింది. "నా తండ్రే," అంది. అమ్మ పోయిన తర్వాత నన్ను ఆ మాటతో ఎవరూ పిలవలేదు.

"అయితే గొట్టం ఎప్పుడు తవ్వుతారు?" అన్నాడు బావ.

"గొట్టం కాదు బావా. అంతకన్నా ఆధునికమైనది."

బావ నా వైపు తిరిగాడు. "గొట్టం కన్నా ఆధునికమైనదంటే, ఆకాశంలోంచి గాని పడతాయేంటి? అది పాత పద్ధతి కదోయ్," అన్నాడు.

అక్క చేతులు తీసేసింది. నేను పథకాన్ని వివరించాను. ఆమె మధ్యలో లేచి వెళ్లి, ఖాళీ బకెట్లు ఒకదాంట్లో ఒకటి పెట్టుకుంటూ విన్నది.

ఏప్రిల్ 7

ప్రారంభోత్సవం. రిబ్బను చీఫ్ గారు కత్తిరించారు. ట్యాంకు నీలం రంగు, కంచె ఉంది, తాళం ఉంది. ఇదివరకు వీధికి వచ్చే ట్యాంకరే వచ్చి దాన్ని నింపింది. నింపిన తర్వాత, వీధిలో నీటి వసతి ఏర్పడినందున ఇకపై ట్యాంకరు రానవసరం లేదని నిర్ణయమైంది. నిర్ణయంలో తర్కలోపం ఏమీ కనిపించలేదు.

వీధి నీటి సంఘానికి అధ్యక్షురాలిగా అక్కను ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. నా ప్రమేయం లేదు. ఆమె తమ్ముడు నీటి శాఖలో ఉన్నాడు కాబట్టి తలుపు తడితే పలుకుతాడని వీధివాళ్ల నమ్మకం. ప్రజల నమ్మకాలకు శాఖ బాధ్యత వహించదు.

సభ అయ్యాక అక్క తాళంచెవి పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"ఇందులోంచి ఎప్పుడు పట్టుకోవచ్చురా?"

"సహాయ సంస్థ వారి సందర్శన అయ్యాక."

"ఎప్పుడది?"

"తెలియజేయబడుతుంది."

"తెలియజేసేదెవరు?"

"నేనే."

"మరి చెప్పు."

"నాకింకా తెలియజేయలేదు."

ఆమె తాళంచెవిని కొంగుకు ముడివేసుకుంది. వెనక నుంచి పక్కింటావిడ అంది: "అధ్యక్షురాలమ్మా, పోన్లెండి. తాళమైనా మన చేతికిచ్చారు."

ఏప్రిల్ 21

సందర్శన వాయిదా పడింది.

ఏప్రిల్ 29

సందర్శన వాయిదా పడింది.

మే 5

బావ ఫోను చేశాడు. ఎత్తాను, బావ కాబట్టి.

"బావమరిదీ, ట్యాంకు మహా బాగుందయ్యా. దాహమేసినప్పుడల్లా కిందికి దిగి చూసొస్తున్నాం."

"ఇంకొద్ది రోజులే బావా."

"అబ్బే, నాకేం తొందరలేదు. పక్క వీధి చివర కుళాయి ఉంది, అక్కడి నుంచి తెచ్చుకుంటున్నా. దారిలో మీ గొట్టం కనిపిస్తే పలకరిస్తున్నా కూడా. పాపం, అదీ ఎదురుచూస్తోంది."

ట్యాంకరు ఆగిన తర్వాత మోసే దూరం పెరిగిందన్నమాట. ఇది నమోదు చేయదగిన పరిణామమే. నమోదు చేశాను.

మా ఆవిడ పక్క గదిలోంచి విన్నది. "ఆయనకి గుండె బాలేదని మీకు గుర్తుందా?" అంది. ఉందన్నాను. "మరి?" అంది. మరి అన్నది ప్రశ్న కాదు. ప్రశ్నకు విషయం ఉండాలి.

మే 17

సందర్శన ఖరారైంది. ఎల్లుండి.

మే 18

అక్క ఫోను చేసింది. సన్నాహక సమావేశంలో ఉన్నాను.

మళ్లీ చేసింది. సమావేశం అయిపోయింది. సన్నాహాలు కాలేదు.

మే 19

జరిగిన విషయాలను జరిగిన క్రమంలోనే రాస్తున్నాను. మనోభావాలు ఏవైనా ఉంటే అడుగున రాస్తాను.

నిన్న బావ బకెట్లతో రెండో అంతస్తు మలుపులో కూలబడ్డాడు. పొరుగువాళ్లు ఆసుపత్రికి చేర్చారు. అక్క ఫోను అందుకే. ఈ ఉదయం బట్టలు తీసుకువెళ్లడానికి ఆమె ఇంటికి వచ్చింది. బావ ఒంటి మీద వాంతి చేసుకున్న చొక్కా చేతిలో ఉంది. ఉతకడానికి ఇంట్లో నీళ్లు లేవు. కిందికి వచ్చింది. తాళం తీసింది. కుళాయిలన్నీ తిప్పేసి, వీధికి వినపడేలా కేక వేసింది: "రండమ్మా! సందర్శన మొదలైంది!"

వీధి మొత్తం వచ్చింది.

మేము సహాయ సంస్థ వారితో కారు దిగేసరికి నేలంతా చిత్తడి. పిల్లలు నెత్తిన నీళ్లు పోసుకుంటున్నారు. కంచె మీద తడి బట్టలు ఆరేసి ఉన్నాయి. అందులో బావ చొక్కా ఒకటి. ముసలివాళ్లు కుర్చీలు తెచ్చుకుని నీడన కూర్చున్నారు. సందర్శకుల కోసం వేసిన కుర్చీలవి. చీఫ్ గారు నేరుగా నిచ్చెన ఎక్కి మూత తీశారు. ఈసారి ఆయన మొహం కనిపించలేదు.

సంస్థ నుంచి వచ్చినాయన అక్కను అడిగాడు, పథకం ఎలా పనిచేస్తోందని.

"ఇవాళ పనిచేసిందండి," అంది అక్క.

"నీళ్లేవి?"

"తాగేశాం. చాలా బాగున్నాయి."

ఆయన ఏదో రాసుకున్నాడు. ఏం రాసుకున్నాడో నాకు దూరం నుంచే తెలుసు. నేనూ అదే భాషలో రాస్తాను.

మనోభావాలు: స్థలం చాలలేదు.

మే 21

చీఫ్ గారు పిలిపించారు. పథకాన్ని నాశనం చేసిన వ్యక్తిని అధ్యక్ష పదవి నుంచి తొలగించాలని, ట్యాంకును శాఖ తాళం కిందికి తీసుకోవాలని, నీటి వసతి ఇప్పటికే కల్పించినందున గొట్టం పొడిగింపు దరఖాస్తును శాశ్వతంగా మూసివేయాలని అన్నారు.

"మీరే సంతకం చేయాలి," అన్నారు.

"ఆమె మా అక్క అండి. బంధువుల విషయంలో నేను సంతకం..."

"నిబంధన ఒకసారి చదవండి."

చదివాను. "బంధువులకు మేలు చేకూర్చే" అని ఉంది.

"కీడు గురించి ఏమైనా అందా?"

తిరగేసి వెనక వైపు కూడా చూశాను. ఏమీ అనలేదు.

ఇన్నేళ్లుగా నేను ముట్టుకోలేకపోయిన దరఖాస్తు మీద, దాని మొదటి పేజీలోనే, అడ్డంగా "మూసివేయడమైనది" అని రాసి సంతకం చేశాను. కలం ఎక్కడా ఆగలేదు.

మే 23

ఆసుపత్రికి వెళ్లాను. బావ గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. మెలకువగానే ఉన్నాడు. డాక్టరు ఇక మెట్లు ఎక్కకూడదన్నాడట, ఖాళీ చేతులతో కూడా. ఇల్లు మూడో అంతస్తులో ఉంది.

అక్క కుర్చీలోంచి లేవలేదు.

"కాగితం అందింది," అంది. "సంతకం గుండ్రంగా బాగుంది. ఇన్నేళ్లూ నీకు సంతకం చెయ్యడం రాదేమో అనుకుని, సర్దుకుపోతూ వచ్చాను."

"అక్కా, నా పరిస్థితి..."

"అక్కా అనకు. దానివల్లే కదా ఇదంతా. ఇవాళ్టి నుంచి నువ్వు నా తమ్ముడివి కాదు, నేను నీ అక్కని కాదు. నలుగురిలో చెప్తాను, కావాలంటే రాసిస్తాను. ఇప్పుడు నీకు అడ్డమేం లేదు. ఎవరో పరాయివాడిలా వచ్చి మా వీధికి గొట్టం వేసి పో."

కొత్తగా దరఖాస్తు పెట్టుకోవలసి ఉంటుందని చెప్పాను.

ఆమె నా మొహంలోకి చూసింది, అక్కడ ఎవరైనా ఉన్నారేమోనని చూసినట్టు. తర్వాత బావ దుప్పటి సర్దడం మొదలుపెట్టింది.

బావ ఏదైనా అంటాడేమోనని మంచం పక్కన కొంతసేపు నిలబడ్డాను. ఆయన గోడ వైపు నుంచి ఇటు తిరగలేదు.

మే 24

మా ఆవిడ బట్టలు సర్దుకుని అక్కకు తోడుగా వెళ్లింది. ఎప్పుడొస్తావని అడిగాను. "వదిన ఇంటికి నీళ్లెవరు మోస్తారో తేలాక," అంది.

మే 30

బావ చనిపోలేదు. ఇల్లు ఖాళీ చేసి ఇద్దరూ ఎక్కడికో మారారట. ఏ వీధికో నాకు చెప్పవద్దని అక్క అందరికీ చెప్పింది. నా అధికార పరిధిలోని వీధి కాకూడదని వెతుక్కున్నారట.

జూన్ 2, సోమవారం

కొత్త విభాగానికి అధిపతిగా ఈ ఉదయం బాధ్యతలు స్వీకరించాను. పెద్ద బల్ల, తిరిగే కుర్చీ. గదికి ఆనుకుని నాకు మాత్రమే కేటాయించిన స్నానాలగది ఉంది. కుళాయి తిప్పితే బాగా వస్తున్నాయి.

ఇలాంటి ట్యాంకులు ఇంకా అనేక వీధుల్లో వెలయనున్నందున, మొన్నటి వంటి సంఘటన పునరావృతం కాకుండా నిబంధనలు రూపొందించమన్నారు. మధ్యాహ్నమంతా కూర్చుని రాశాను. ఎవరూ ఫోను చేయలేదు. ఒకటి రెండుసార్లు రిసీవరు ఎత్తి, పనిచేస్తోందో లేదో చూశాను. పనిచేస్తోంది.

చిట్టచివరి నిబంధనను ఇక్కడ కూడా నమోదు చేస్తున్నాను:

"ట్యాంకు నిండుగా ఉన్నంత కాలం, ఆ వీధికి నీటి సరఫరా నిరాటంకంగా జరుగుతున్నట్టు పరిగణించవలెను. అందులోంచి ఎవరైనా నీరు తీసుకొన్నచో, అది సరఫరాకు అంతరాయం కలిగించిన నేరమగును. దాహము ఇందుకు మినహాయింపు కాదు. ఈ నిబంధన అంతిమం. దీనిపై అప్పీలు లేదు."